మిరపచెట్టుకు సెలైన్

తిప్పేష్ మొదటిసారి సరళను చూసినప్పుడు ఆమె ఒక మిరపచెట్టుకు సెలైన్ ఎక్కిస్తోంది.

మాట వరసకు అనడం లేదు, నిజంగానే. మిద్దె మీద బట్టలారేసే తీగకు గ్లూకోజు బాటిలు తలకిందులుగా వేలాడుతోంది. దాని ట్యూబు ఒక నూనె డబ్బాలోకి దిగింది. డబ్బాలో మూరెడు మిరపచెట్టు. పక్కన తెల్ల యూనిఫాంలో ఒకమ్మాయి వాచీ చూసుకుంటూ చుక్కలు లెక్కపెడుతోంది.

అనంతపురం పాతూరులో, వెంకటలక్ష్మమ్మ ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకుని దిగిన తిప్పేష్‌కి అది రెండో రోజు. ఉతికిన చొక్కా భుజాన వేసుకుని పైకి వచ్చినవాడు, చొక్కా సంగతి మరిచిపోయి నిలబడ్డాడు.

"ఏమైంది దానికి? జొరమా?"

"గమ్మునుండప్పా, లెక్క తప్పుతాది. పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై." అప్పుడు తలెత్తింది. "నిమిషానికి ఇరవై. సరిపోతాది."

కళ్ళు పెద్దవి. కోపం వస్తే ఇంకా పెద్దవవుతాయని తిప్పేష్‌కి మరుక్షణమే తెలిసింది, ఎందుకంటే నోరు ఊరుకోక అనేశాడు.

"తాగేదానికి లేక ఊరంతా బిందెలెత్తుకోని తిరుగుతాంటే, చెట్లకు కొళాయి నీళ్ళు పోస్తాండావా?"

అది రెండువేల మూడో సంవత్సరం. వానలు మొహం చాటేసి ఎన్నాళ్ళో అయింది. మున్సిపాలిటీ కొళాయి నాలుగు రోజులకోసారి గొంతు సవరించుకుని, ఇంటికి ఇరవై బిందెలు విదిల్చి పోయేది. కాబట్టి తిప్పేష్ కోపంలో న్యాయం లేకపోలేదు. లేనిదల్లా విషయం తెలుసుకునే ఓపిక.

ఆమె చెంబు తెచ్చి అతని ముక్కు కింద పెట్టింది. "వాసన చూడు."

బియ్యం కడిగిన వాసన.

"ఇది బయమ్మక్క వాళ్ళ బియ్యం కడుగు. ఆ బక్కెట్టులోది కింద అవ్వ వాళ్ళ పప్పు కడుగు. సందులో ఏడిండ్లోళ్ళు రోజూ ఇస్తారు. బదులుగా నేను వాళ్ళకు ఆకుకూర ఇస్తా. నువ్వేమిస్తావు?"

"నేనేమిస్తా? మెస్సులో తింటా."

"అయితే మాట్లాడొద్దు."

తిప్పేష్ అప్పుడు చుట్టూ చూశాడు. నూనె డబ్బాలు, చీలిన ప్లాస్టిక్ బిందెలు, పిడి ఊడిన బక్కెట్లు, సిమెంటు సంచులు, అన్నీ కలిపి పద్దెనిమిది. వాటిలో టమాట, వంకాయ, చుక్కకూర, మెంతికూర. ఊరు ఊరంతా ఎండి ఎర్రమన్ను లేస్తుంటే, ఆ మిద్దె మీద మాత్రం వసంతం చెప్పాపెట్టకుండా వచ్చి కూర్చుంది. అతనికి ముచ్చటేసింది. కానీ ఓడిపోయి దిగిపోవడం మగతనం కాదనుకునే వయసు.

"డ్రిప్పు కంపెనీలో పనిచేస్తా నేను. ఊరూరా తిరిగి రైతులకు పైపులు పరిచిస్తా. చెప్తాండా విను, ఈ కడుగు నీళ్ళు వడగట్టకపోతే మూడు రోజుల్లో నీ ట్యూబు మూసుకుంటాది."

"చూస్తాంలే పోప్పా."

మూడో రోజు పొద్దున అతని తలుపు చప్పుడైంది. తలుపు తీస్తే ఆమె. చేతిలో గ్లూకోజు బాటిలు. ముఖంలో ఓటమి లేదు, కొంచెం విసుగు ఉంది.

"మూసుకునింది. రోంత చూడు."

ప్రేమకథలో ఎక్కడో ఒకచోట వాన పడాలంటారు. ఇది అనంతపురం కథ కాబట్టి ఆ నిమిషానికి ఇరవై చుక్కలతోనే సరిపెట్టుకోవాలి.

*

అదే ఇంట్లో పక్క గదిలో ఉంటూ నర్సింగ్ హోములో పనిచేసే సరళను ఊళ్ళో అందరూ సిస్టర్ అనేవాళ్ళు. తిప్పేష్ నోటికి ఆ ఒక్క మాట మాత్రం రాలేదు. "మేడం" అన్నాడు, "ఏమండీ" అన్నాడు, చివరికి ఏ పిలుపూ లేకుండా దగ్గి మాట్లాడడం అలవాటు చేసుకున్నాడు.

"నీకు దగ్గేమన్నా తగులుకునిందా?" అని ఆమె ఒకరోజు నిజంగానే అడిగింది. "మా డాక్టరుకు చూపిస్తా రా."

పాత పంచె గుడ్డ నాలుగు మడతలు వేసి బాటిలు మూతికి కట్టాడు. నీళ్ళు తేటగా దిగాయి. ఆ గుడ్డ రోజూ ఉతకాలి కాబట్టి రోజూ మిద్దె ఎక్కాల్సి వచ్చింది. అసలు రెండు రోజులకోసారి ఉతికితే చాలు. అది డ్రిప్పు కంపెనీ మనిషిగా అతనికి తెలుసు, ఆమెకు చెప్పలేదు.

అలా గుడ్డ పిండుతున్న ఒక సాయంత్రమే ఆమె అసలు సంగతి చెప్పింది.

"మా నాయనది రాప్తాడు పక్కన అయిదెకరాల చేను. మూడు బోర్లు వేసినాడు. రెండు ఎండిపాయె. మూడోదాంట్లో చిటికెన వేలంత ధార వస్తాంది. ఇంక మన్ను ముట్టనన్నాడు. చేను అమ్మేసి బెంగుళూరుకు వాచ్‌మెన్ పనికి పోతానంటాండాడు."

"నువ్వేమన్నావు?"

"పందెం కట్టినా. మిద్దె మీద, పారబోసే నీళ్ళతో పంట తీస్తా, ఉగాది పచ్చట్లోకి నా డబ్బాల్లో కాసింది ఏదో ఒకటి పడల్ల అన్నా. పడితే చేను అమ్మకూడదు. పడకపోతే నేనే బెంగుళూరు బస్సెక్కిస్తా అన్నా." మిరపచెట్టు వైపు చూసింది. అగ్గిపుల్లంత రెండు పిందెలు వేలాడుతున్నాయి. "పచ్చట్లోకి కారం కావల్ల కదా. అందుకే దీనికి సెలైను."

"మీ నాయన వాచ్‌మెన్‌గా..."

"స్టూలు మీద కూచోని ఎవరిదో గేటు తీస్తా ఉంటాడు. నేను చూడలేనప్పా." ఆమె పిందె మీది దుమ్ము కొనవేలితో తుడిచింది.

ఆ క్షణం నుంచి ఆ రెండు మిరప పిందెలూ తిప్పేష్‌వి కూడా అయిపోయాయి.

*

అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. ఏడిళ్ళవాళ్ళూ నీళ్ళు ఇస్తున్నారు. తను ఒక్కడే ఇవ్వడం లేదు. మెస్సులో తినేవాడికి బియ్యం కడుగు ఎక్కడి నుంచి వస్తుంది? గడ్డం గీసుకున్న నీళ్ళు తెస్తే సబ్బు అని తిప్పి పంపింది.

సందు మొగదల కుళ్ళాయప్ప బండి మీద ఉడకబెట్టిన చెనిక్కాయలు అమ్ముతాడు. పచ్చి కాయలకు మన్ను పోవడానికి ముందు ఒక కుండలో కడుగుతాడు. ఆ కడుగు నీళ్ళు అడిగితే, "తీసుకోప్పా, ఎట్లా పారబోసేవే కదా" అన్నాడు. తిప్పేష్ గర్వంగా నాలుగు రోజులు క్యాను నిండా మోశాడు.

"చేను మన్ను, చెనిక్కాయ వాసన. మా చెట్లకు పుట్టింటి నీళ్ళు తెచ్చినావు," అంది సరళ. నవ్వింది కూడా.

ఆ నవ్వే కొంప ముంచింది. అయిదో రోజు పొద్దున తిప్పేష్ వెళ్ళేసరికి కుళ్ళాయప్ప బండి దగ్గర లేడు. రెండు కుండలున్నాయి. రెండింట్లోనూ ఎర్రమట్టి రంగు నీళ్ళే. ప్రేమలో ఉన్నవాడికి నిండుగా ఉన్న కుండే కనిపిస్తుంది. దాన్ని క్యానులోకి వంపుకుని, సరళ డ్యూటీ నుంచి వచ్చేలోపే పని అయిపోవాలని పద్దెనిమిదింటికీ కడుపు నిండా పోశాడు. మిరపచెట్టుకు రెండు చెంబులు ఎక్కువే పోశాడు.

అది కాయలు ఉడికించిన కుండ. అందులో కుళ్ళాయప్ప రెండు దోసిళ్ళ కల్లుప్పు వేసి ఉంచాడు.

సాయంత్రానికి టమాట తల వేలాడేసింది. మరునాటికి చుక్కకూర పడుకుంది. మిరపచెట్టు ఆకులు రాలి, ఒక పిందె కూడా రాలిపోయింది. తిప్పేష్ పరుగున వెళ్ళి కుళ్ళాయప్పను అడిగి విషయం తెలుసుకున్నాడు.

పైకి వస్తే సరళ మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. "నేనే చుక్కలు ఎక్కువ పెట్టినట్టుండా. నేనే చంపుకున్నా," అంటోంది.

నిజం చెప్పాలని తిప్పేష్ దగ్గాడు. దగ్గు వచ్చింది గానీ నిజం రాలేదు.

అప్పుడే మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. తలకు తువ్వాలు చుట్టుకుని సుంకన్న పైకి వచ్చాడు. పందెం ఎలాగూ తనదేననుకుని, చేను కొనేవాళ్ళకు ఖాయం చెప్పడానికి టౌనుకు వచ్చి, పోతూ పోతూ బిడ్డను చూసిపోదామనుకున్న తండ్రి.

"పందెం ఓడిపోయినా నాయనా," అంది సరళ, లేవకుండానే.

సుంకన్న డబ్బాల మధ్యకు నడిచాడు. వాడిన చెట్లను ఒక్కొక్కటే చూశాడు. మిరప డబ్బా దగ్గర గొంతుక్కూచున్నాడు. మన్ను మీద సన్నగా తెల్ల పొక్కు లేచి ఉంది. మన్ను ముట్టనన్న మనిషి రెండు వేళ్ళతో చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నాడు.

"ఉప్పు," అన్నాడు. మళ్ళీ చప్పరించాడు. "చెనిక్కాయలు ఉడకబెట్టిన ఉప్పు. ఎవరు పోసినారు?"

"నేను," అన్నాడు తిప్పేష్. ఈసారి దగ్గు రాలేదు. "నేనే పోసినా. కుండ మారిపోయింది. తెలిసి కూడా ఇంతసేపూ చెప్పలేకపోతి. తప్పు నాదే."

సరళ తలెత్తి చూసింది. ఆ చూపుకు కారం తోడు అక్కర్లేదు. మెట్లు దిగి వెళ్ళిపోయింది.

"ఇంకా కొయ్యలెక్క నిలబడుకున్యావేమప్పా?" సుంకన్న పంచె ఎగగట్టాడు. "ఉప్పు తిన్నోడు నీళ్ళు తాగల్ల. చెట్టయినా అంతే. మంచినీళ్ళు ఎత్తుకురా. కింద బొక్కలోనుంచి కారిపోయేదంకా పొయ్యల్ల. ఉరుకు!"

కొళాయి వచ్చేది నాలుగు రోజుల తర్వాత. తిప్పేష్ గదిలో అతని వాటా నీళ్ళు ఆరు బిందెలున్నాయి. మొదటి బిందె భుజానికెత్తుకుని వస్తుంటే వెంకటలక్ష్మమ్మ మెట్ల కింద అడ్డం నిలబడింది.

"మంచినీళ్ళు చెట్లకు పోస్తే డబ్బాలన్నీ సందులోకి ఇసురుతానని చెప్పినా లేదా?"

"నా వాటా అవ్వా. తానం చెయ్యను. నాలుగు దినాలు."

"నాలుగు దినాలా? ఈ ఎండలోనా?" అవ్వ ముక్కు మీద వేలేసుకుంది. వేలు అక్కడే ఉంచుకుని పక్కకు జరిగింది.

పైన సుంకన్న అరుపులు మొదలయ్యాయి. "ఒక్కసారిగా కాదప్పా, నిదానంగా! ఆ పైమన్ను రెండు వేళ్ళు గీకెయ్. రోంత ఎర్రమన్ను, మేకల ఎరువు యాడ దొరుకుతాదో చూడు!" మధ్యాహ్నం బస్సుకు పోవాల్సినవాడు సాయంత్రం బస్సన్నాడు. సాయంత్రం, "రేపు పోతాలే, ఈ వంకాయ సంగతి తేలల్ల" అన్నాడు. చేను కొనేవాళ్ళు ఆ రోజంతా ఎక్కడో కూర్చుని ఎదురు చూశారు.

*

ఆ నాలుగు రోజులూ తిప్పేష్ పైపుల కాగితాలు పంచుతుంటే రైతులు గాలి వాలు చూసుకుని నిలబడ్డారు. సరళ మాత్రం అతనితో మాట్లాడలేదు. మిద్దె మీద ఎదురైతే మిరపచెట్టును చూసేది, దాని పక్కనే ఉన్న మనిషిని చూసేది కాదు. తిప్పేష్ రోజూ వచ్చి గుడ్డ ఉతికి కట్టి పోయేవాడు.

అయిదో రోజు పొద్దున, కొళాయి ఇంకా రాకముందే, తలుపు తీస్తే గుమ్మం ముందు నిండు బక్కెట్టు. వెనక సరళ.

"తానం చెయ్యి. మా వార్డులో వాసనే నయం."

"ఇవి నీ వాటా నీళ్ళు కదా?"

"చెట్లకు ఇచ్చినప్పుడు నువ్వు లెక్క చూసినావా?" బక్కెట్టు గుమ్మం లోపలికి జరిపింది. "ఎందుకట్ల పోసినావప్పా అంతంత? నేనడిగితినా?"

"ఏడిండ్లోళ్ళు ఇస్తాంటే నేనొక్కడే ఏమీ ఇయ్యలేదని..." గొంతు సవరించుకోబోయి మానుకున్నాడు. "నువ్వు నవ్వితివి. మళ్ళా నవ్వుతావని పోసినా. నువ్వంటే నాకిష్టం సరళా."

పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. సరళ బక్కెట్టులోని నీళ్ళ వైపు చూసింది.

"దగ్గు తగ్గినట్టుండాదే," అంది. తర్వాత మెట్లెక్కుతూ, అతనికి వినపడేటట్టే, "తానం చేసి పైకి రా. పొద్దున్నుంచి చుక్కలు లెక్కపెట్టేవాళ్ళు లేరు."

*

ఉగాది నాటికి పద్దెనిమిదిలో పదకొండు పోయాయి. ఏడు బతికాయి. మిరపచెట్టుకు కొత్త చిగురు వచ్చింది. రాలకుండా పట్టుకుని వేలాడిన ఒకే ఒక్క కాయ వేలెడు పొడుగు సాగింది.

వెంకటలక్ష్మమ్మ కొత్త కుండలో చింతపండు, బెల్లం, వేపపూత, మామిడి ముక్కలు కలిపి మిద్దె మీదికే తెచ్చింది. ఇంటికి పోతాపోతానంటూనే అక్కడే ఉండిపోయిన సుంకన్న చెట్టు ముందు నిలబడ్డాడు.

"నువ్వే కొయ్యి నాయనా," అంది సరళ.

ఆయన చేయి కాయ దాకా వెళ్ళి ఆగింది. మూడేళ్ళయింది ఆ చేయి ఒక కాయ కోసి. కోశాడు. అరచేతిలో పెట్టుకుని కాసేపు అలాగే చూసి తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

"చేను అమ్మనులే," అన్నాడు. ఏడుపు వచ్చినందుకు కోపంగా తిప్పేష్ మీదికి తిరిగాడు. "ఏమప్పా, చిటికెన వేలంత ధార ఉండాది. నీ పైపులకు సరిపోతాదా?"

"ఎకరా మిరపకు సరిపోతాది."

"అయితే చేనికాడికి రా. పైపుల మాట ముందు మాట్లాడుకుందాం. నా బిడ్డను అడిగే మాట కూడా ఆడనే అడుగు. ఈడ నిలబడి దాని మొగమే చూస్తా ఉంటే పనులు జరగవు."

"వాళ్ళ ఊరూ వాళ్ళోళ్ళూ అంతా నేను విచారించినాలే సుంకన్నా," అంది వెంకటలక్ష్మమ్మ, మిరపకాయ తుంచి కుండలో వేస్తూ. "పిల్లోడు మంచోడే. తానం ఒక్కటి చేపిస్తే చాలు."

సరళ ముఖం కందిపోయింది. ఆ సంగతి ఎవరికీ తెలియకూడదన్నట్టు పచ్చడి వేలితో అద్దుకుని నాలుక మీద పెట్టుకుంది.

"కారం దిగింది," అంది. "ఉప్పే లేదు."

ముగ్గురూ ఒకేసారి తిప్పేష్ వైపు చూశారు. సరళ ఉప్పు గిన్నె తెచ్చి అతని చేతిలో పెట్టి, నవ్వు ఆపుకుంటూ అంది.

"నువ్వే వెయ్యి. చిటికెడు మాత్రమే."

తిప్పేష్ కల్లుప్పు రాళ్ళు ఒక్కొక్కటిగా, లెక్కపెట్టి మరీ వేశాడు.