నల్ల రేకు

అలెగ్జాండ్రియా ట్రామ్‌లో ఇంజనీర్ వహీబ్‌ను పట్టపగలే కాల్చేశారు. అతను తెస్తున్న, రేడియో ట్రాన్స్‌మిటర్‌లో బిగించే గాజు ట్యూబు కూడా ముక్కలైంది. రేడియో స్టేషన్‌లో ఉన్న ట్యూబు పొద్దున్నే చచ్చింది. ఏజెంట్ తౌఫీక్ వహ్దాన్‌కు బ్రీఫింగ్ పొట్టిగా అందింది: నాలుగింటికి 'సముద్ర కాకి' కోడ్‌తో సందేశం వెళ్లాలి. వెళ్లకపోతే మూడొందల మందితో వస్తున్న మన ఓడ, శత్రువు మైన్లు పరిచిన దారిలోకే వస్తుంది.

మెకానిక్ వేషంలో వహ్దాన్ స్టేషన్ చేరేసరికి మూడున్నర. లోపల ఇద్దరే. ముసలి మెకానిక్ సుబ్హీ ఒకడు. రెండోది మన పక్షాన పనిచేస్తున్న డబుల్ ఏజెంట్ దెస్పినా. నల్ల కళ్లద్దాలు, ఎర్ర పెదవులు, సైప్రస్ నుంచి తెచ్చిన కొత్త ట్యూబు.

సుబ్హీ దాన్ని బిగించనంటున్నాడు. పైగా అతని మంచం కింద దుప్పట్లో చుట్టిన ఇంకో ట్యూబు దొరికింది. లోపల నల్లగా ఉందని, మాడిపోయిందని స్టోరు అధికారులు తుక్కులో పారేసిన ట్యూబు అది. వహ్దాన్ పిస్టల్ తీశాడు.

"ఎందుకు దాచావు బాబాయ్?"

"మీ దొరలకు మెరిసేదే కొత్తది కాబట్టి. ట్యూబులో గాలుండదు పాషా, వేడిని మోసుకుపోయే దిక్కుండదు. లోపలి రేకే దాన్ని బయటికి కక్కాలి. అందుకే దానికి పుట్టుకతోనే మసి పూస్తారు. ఈ అద్దంలాంటి నికెల్ వేడిని మింగి కూర్చుంటుంది. నల్లగా ఉన్నదల్లా మాడిందే అయితే నన్ను కూడా తుక్కులో వెయ్యండి."

దెస్పినా నవ్వింది. ముసలాడు టైం తినేస్తున్నాడని, శత్రువుకు కావాల్సిందీ అదేనని అంది. అదీ నిజమే కావచ్చు. ఇద్దరిలో ఒకరు అబద్ధం. ఎవరు?

"కొత్తదే బిగించు," అన్నాడు వహ్దాన్. "ఇప్పుడే ఫుల్ పవర్ ఇద్దాం. ఆవిడ పక్కనే నిలబడుతుంది."

మూడు నలభై ఏడు. రేకు ఎర్రబడింది, పసుపైంది, తెల్లగా మండింది. గాజు మైనంలా మెత్తబడి లోపలికి పీక్కుపోయింది. దెస్పినా చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి జారింది. వహ్దాన్ ఆ చేతిని మెలితిప్పాడు. లిప్‌స్టిక్ ఆకారంలో ఉన్న తుపాకీ నేలమీద పడింది.

"వహీబ్‌ను కాల్చిందీ నువ్వేనా?"

"ఇంతసేపు పట్టిందా, కమాండర్?"

సుబ్హీ ఇటు చూడనేలేదు. చేతులకు గోనెపట్టా చుట్టుకుని కాలుతున్న ట్యూబు పీకాడు, నల్లదాన్ని బిగించాడు. దాని ఫిలమెంట్ బద్ధకంగా కళ్లు తెరిచింది. నాలుగింటికి పది సెకన్లుండగా మీటరు ముల్లు లేచింది. సందేశం పోయింది. కాసేపటికి ఓడ నుంచి జవాబు: దారి మార్చుకున్నాం.

సాయంత్రం వార్తల్లో అధికారుల అప్రమత్తతను తెగ పొగిడారు. ఆ వార్తలను మోస్తున్న నల్ల ట్యూబుకు సుబ్హీ అట్టముక్కతో విసురుతున్నాడు.