గేటు ముందా, నీళ్లు ముందా

ఈ నీటిపారుదల ఆఫీసు లిఫ్టుకు బొత్తిగా ఓపిక లేదు. తలుపు తెరుస్తుంది, మర్యాదస్తుడు పక్కవాళ్లకి దారిచ్చేలోపే మూసేస్తుంది. మర్యాదస్తులు మెట్లెక్కాల్సిందే.

ఆ ఉదయం దాని ముందు ఇద్దరు నిలబడ్డారు. ఒకడు, డ్యామ్‌లో ఏ గేటు ఎంత ఎత్తాలో లెక్కగట్టే కంప్యూటర్ మోడల్ చూసుకునే కుర్రాడు. ఆఫీసంతా అతణ్ణి డ్యామ్ అంటుంది. ఇంకొకరు, నది ఎలా పారుతుందో లెక్కగట్టే మోడల్‌తో డెప్యుటేషన్ మీద కొత్తగా వచ్చిన అమ్మాయి.

"మీరు ముందు," అన్నాడు డ్యామ్.

"పర్లేదండీ, మీరు ముందు."

"లేడీస్ కదా."

"ఓహో. తాడు తెగుతుందో లేదో లేడీస్ ఎక్కి చూసి చెప్పాలా?"

లిఫ్టు వెళ్లిపోయింది. ఇద్దరూ మెట్లెక్కారు. పైకి చేరాక ఆమె రొప్పుతూనే నవ్వింది. డ్యామ్‌కి గుండె దడ తగ్గలేదు. అది మెట్ల వల్లేనని చాన్నాళ్లు నమ్మాడు.

పని చెప్పడానికి తేలికే. రెండు మోడల్స్‌నీ లింక్ చేస్తే, నది పొడుగునా ఎవరికి ఎన్ని నీళ్లివ్వాలో, ఏ ఊరు మునుగుతుందో ముందే తెలుస్తుంది. లింక్ చేశారు. రన్ కొట్టారు. స్క్రీన్ మీద నది ఉలకలేదు, పలకలేదు.

"మీది నిద్రపోతోంది," అన్నాడు.

"మీదే. ఎన్ని నీళ్లు వదిలారో మీ గేటు చెప్తే, నది ఎంత ఎత్తు పారుతుందో నాది చెప్తుంది."

"నది ఎంత ఎత్తుందో మీది చెప్తేగానీ నా గేటు లేవదు. ఊళ్లు మునుగుతాయని దాని భయం."

"అంటే మీరు చెప్తే నేను, నేను చెప్తే మీరు."

"అంతే."

"చక్కగా ఉంది."

ఆ చక్కదనం రోజుల తరబడి సాగింది. మోడల్స్ రెండూ ఎదురెదురుగా నోరు మూసుకుని కూర్చున్నాయి. వాటి ముందు వీళ్లిద్దరూ అలాగే కూర్చున్నారు.

"మీరేదో అడగబోయారు," అనేది ఆమె.

"లేదే. మీరే ఏదో చెప్పబోతున్నారనుకున్నా."

"నేనా? లేదే."

టీ చల్లారిపోయేది.

ఇంతలో డైరెక్టరు గారు వచ్చి నిలబడ్డారు. "సోమవారం పైవాళ్లొచ్చి చూస్తారు. నది కదలకపోతే ఈ అమ్మాయిని పాత ఆఫీసుకి పంపించేస్తా."

"మరి నేను సార్?"

"డ్యామ్ ఎక్కడికి పోతుందయ్యా. నువ్వు పర్మనెంట్."

పర్మనెంట్ అయినందుకు డ్యామ్ మొదటిసారి ఏడుపు మొహం పెట్టాడు.

శనివారం మధ్యాహ్నం కిటికీ బయట వాన దంచుతోంది. నిజం నది ఎక్కడో దిగువన పొంగుతూనే ఉంది. స్క్రీన్ మీది నదికి మాత్రం చీమ కుట్టినట్టైనా లేదు.

"పోనీ ఒకళ్లు ముందు నోటికొచ్చింది చెప్పేస్తే?" అంది ఆమె. "ఊహించి ఒక అంకె పడేద్దాం. తప్పైనా పర్లేదు. రెండోది దాన్ని పట్టుకుని జవాబిస్తుంది, మొదటిది దిద్దుకుంటుంది. తేడా పోయేదాకా అలా తిప్పుదాం."

డ్యామ్ ఒక అంకె కొట్టాడు. గేటు లేచింది. నది జవాబిచ్చింది. గేటు సిగ్గుపడి కాస్త దిగింది. నాలుగైదు తిప్పులయ్యాక నీలం గీత ఒకటి మెల్లగా పారడం మొదలుపెట్టింది.

డ్యామ్ గొంతు సవరించుకున్నాడు. "తప్పైనా పర్లేదన్నారు కదా."

"మొదటిసారికి."

"అయితే నా ఊహ చెప్తా. మీకు నేనంటే ఇష్టం."

ఆమె స్క్రీన్ మీంచి చూపు తిప్పలేదు. "కాస్త ఎక్కువ వేశారు."

"ఎంత ఎక్కువ?"

"మధ్యమధ్య కోపం కూడా వస్తుంది. అది తీసేయండి."

"తీసేస్తే?"

"సరిపోతుంది."

సోమవారం నది బుద్ధిగా పారింది. పైవాళ్లలో ఒకాయన, నీళ్లు ఇంత నీలంగా ఎందుకున్నాయి, మనవి బురదగా ఉంటాయి కదా అన్నారు. అక్కడికక్కడే బురద రంగు వేశారు. అద్భుతమన్నారు. ఆమె ఉండిపోయింది.

కథ ఇక్కడితో అయిపోవాలి. కాలేదు, ఎందుకంటే ఇద్దరూ ఇళ్లల్లో చెప్పారు.

"మనం ముందు ఫోన్ చేస్తే ఎగబడ్డట్టుంటుందిరా. అమ్మాయి వాళ్లని చెయ్యనీ," అంది అతని తల్లి.

"వాళ్లు అడక్కుండా మనం ఎలా చేస్తామే, చులకనైపోమూ?" అంది ఆమె తల్లి.

"ఏదో ఒకటి మాట్లాడి మొదలుపెట్టమ్మా, తర్వాత దిద్దుకుందాం," అన్నాడు డ్యామ్.

"పెళ్లి మాటలు దిద్దుకోవడమేంట్రా?"

బాబ్బాబు, చదువుతున్నవాళ్లలో ఇద్దరు తల్లుల్ని లింక్ చేసిన అనుభవం ఎవరికైనా ఉంటే కాస్త దారి చూపించండి. ఎవరు ముందు చెయ్యాలో చెబితే చాలు. త్వరగా చెప్పండి, అబ్బాయి తల్లి ఫోన్ ఒళ్లో పెట్టుకుని కునికిపాట్లు పడుతోంది, అమ్మాయి తల్లి రింగు వినిపించదేమోనని స్నానానికి కూడా లేవడం లేదు.