ఉప్పు రాయని చీటీ

"మూడు నెలల్లో ఆరు కిలోలు! చూశారా నా వెజిటబుల్ సూప్ మహిమ!" అంది డైటీషియన్, వెయింగ్ మెషీన్ ముల్లు చూసి మురిసిపోతూ.

మెషీన్ మీద నిలబడ్డ బస్సు డ్రైవర్ మాత్రం మొహం వేలాడేసుకున్నాడు. ప్రతి బుధవారం డ్యూటీ దిగి, తల దువ్వుకుని, యూనిఫాం మీద సెంటు కొట్టుకుని మరీ ఈ క్లినిక్ మెట్లెక్కేవాడు. బరువు చూపించుకోవడానికి సెంటెందుకని ఆవిడకి ఒక్కసారీ అనుమానం రాలేదు. అంత చదువు చదివింది మరి!

"ఇక మీరు రానక్కర్లేదు. ఫైల్ క్లోజ్," అంది.

ఫైల్ మూస్తే అతనికి ఇక ఆమెను చూసే దారి లేదు. ఏం చెయ్యాలో తోచక సంచిలోంచి ఫ్లాస్కు తీశాడు.

"పోనీ, ఒక్క గుక్క తాగండి మేడం. మీ సూపే."

ఆమె దర్జాగా తాగింది. మరుక్షణం మింగలేక, కక్కలేక గుడ్లు తేలేసింది.

"ఛీ, ఏంటిది?"

"మీరు రాసిచ్చిందే. క్యారెట్, బీన్స్, పాలకూర అన్నీ కలిపి ఇరవై నిమిషాలు ఉడికించాను."

"పాలకూర చివర్లో కదా వేస్తారు! ఉప్పేది?"

"చీటీలో లేదు మేడం."

"మరి ఆరు కిలోలెలా తగ్గారు?"

"అది తాగాక ఇంకేదీ తినబుద్ధి కాదు. మీరెప్పుడైనా వండారా?"

ఆమె గబగబా టేబుల్ మీది ఫైళ్ళు ముందుకి జరిపింది. ఫైళ్ళ చాటున సగం ఖాళీ అయిన క్రీమ్ బిస్కెట్ల ప్యాకెట్ కనిపిస్తూనే ఉంది. ఊరందరి చేతా చక్కెర మాన్పించే మనిషికి మధ్యాహ్న భోజనం అదే.

"మొదటి వారమే చెప్పొచ్చుగా!" అంది చివరికి.

"నొచ్చుకుని ఇంకొకరి దగ్గరికి పంపేస్తారేమోనని భయం. మీరంటే ఇష్టం మేడం. అందుకే తాగాను."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. ఫైల్ మూయబోయిన చెయ్యి ఆగిపోయింది.

"మీ ఇంట్లో సరిగ్గా వంటొచ్చిన వాళ్ళెవరు?"

"మా అమ్మ."

ఆదివారం అతని ఇంటి వంటింట్లో డైటీషియన్ నోట్‌బుక్ పట్టుకుని నిలబడింది. ముందు ఉల్లిపాయలు కాస్త నూనెలో, తర్వాత క్యారెట్, బీన్స్, దించే ముందు పాలకూర, ఉప్పు, మిరియాల పొడి. రాసుకుంది, రెండు గిన్నెలు తాగింది.

"ఉప్పెయ్యరా అని మూడు నెలలు మొత్తుకున్నానమ్మా. చీటీలో లేదంటాడు!" అంది అతని అమ్మ. "పెళ్ళయ్యాక కూడా నువ్విలాగే రాసిస్తే వీడు గాలికి ఎగిరిపోతాడు."

"పెళ్ళని ఎవరన్నారత్తయ్యా?" అనేసి, డైటీషియన్ నాలిక కరుచుకుంది.

"పెళ్ళి మాట నేనన్నాను, అత్తయ్యా అని నువ్వే అన్నావు," అంటూ ఆవిడ ఇంకో గరిటె సూప్ వడ్డించింది.