ఒతీలియా పెట్టె

మిలాన్ నుంచి మాడ్రిడ్, అక్కణ్ణుంచి బొగోతా, బొగోతా నుంచి మా ఊరు గ్వయకిల్. ముప్ఫై ఒక్క గంటల ప్రయాణం. కాళ్ళు వాచి చెప్పులు పట్టడం లేదు. సామాన్ల బెల్టు దగ్గర ఒక్కొక్కళ్ళే పెట్టెలు దించుకుని వెళ్ళిపోయారు. బెల్టు ఖాళీగా రెండు చుట్లు తిరిగి ఆగింది. మా అక్క పెట్టె రాలేదు.

అక్క ఒతీలియా పన్నెండేళ్ళు మిలాన్‌లో మంచం పట్టిన ముసలివాళ్ళని చూసుకునే పని చేసింది. మార్చిలో అక్కడే పోయింది, అక్కడే పూడ్చారు. ఆమె గదిలో మిగిలిన బట్టలు తెద్దామని వెళ్ళాను. అక్క ఊరు దాటేనాటికి కూతురు దొమెనికాకి రెండేళ్ళు. పెంచింది నేనే. ఇది మా అమ్మది అని పట్టుకుని చూసుకోవడానికి ఆ పిల్లకి ఇంకేమీ లేదు.

కౌంటర్లో అమ్మాయి పెట్టె రంగు, చక్రాలు ఎన్ని, అన్నీ రాసుకుని, రేపు వస్తుందంది. పొద్దుణ్ణించీ ఆ మాట ఎంతమందికి చెప్పిందో, తల కూడా ఎత్తలేదు.

ఇంటికొస్తే దొమెనికా గుమ్మంలోనే నిలబడి నా చేతులవంక చూసింది.

"పెట్టేది పిన్నీ?"

"రేపొస్తుందిట."

"అమ్మ కూడా అలాగే అనేది," అని లోపలికి వెళ్ళిపోయింది.

మూడు రోజులు ఫోన్ చేస్తూనే ఉన్నాను. భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని, వాళ్ళు వినిపించే సంగీతం వింటూ, బడి యూనిఫారాలకి కాలర్లు కుట్టాను. నాలుగోరోజు పొద్దున ఎవరో కుర్రగొంతుతో, కంగారు పడకండి, పెట్టె తాలూకు ఆవిడే స్వయంగా వచ్చి గుర్తుపట్టింది, ఇంటికి పంపించమంది అన్నాడు. ఏ ఆవిడ అని అడిగాను. పేరు చదివాడు. ఒతీలియా సంబ్రానో. కౌంటర్లో రాసుకున్న కాగితం తప్పు చదివాడనుకున్నాను. వాదించే ఓపిక లేక పెట్టేశాను.

ఆ మధ్యాహ్నమే వ్యాను వచ్చింది. ఆకాశం నల్లగా దిగి ఉంది. వాన ఇంకా పడలేదు, నది వైపు నుంచి బురద వాసన వస్తోంది. డ్రైవరు నడివయసు మనిషి. పెట్టె మెట్టు మీద పెట్టాడు గానీ గుమ్మం లోపలికి అడుగు వెయ్యలేదు. సంతకం పెడదామని కాగితం తీసుకున్నాను. అప్పటికే సంతకం ఉంది. చివర గీత కిందికి ఈడ్చి... అక్క అలాగే పెట్టేది.

డ్రైవరు గొంతు తగ్గించి అన్నాడు. "దారిలో రెండుసార్లు పడుకోబెట్టానమ్మా. రెండుసార్లూ... లేచి నిలబడి ఉంది."

నేనేమీ అడక్కముందే వ్యాను మలుపు తిరిగింది.

లోపలికి లాగేసరికి కరెంటు పోయింది. వాన మొదలైంది. గదిలో నది వాసన పోయి ఇంకో వాసన... మందులు, సబ్బునీళ్ళు, చాలాకాలం మూసి ఉంచిన గది. ఇంకాసేపు ఆగుదాం అన్నాను. దొమెనికా వినలేదు. జిప్పు లాగింది.

మిలాన్‌లో నేను మోకాలు పెట్టి నొక్కితేగానీ మూతపడలేదు ఆ పెట్టె. ఇప్పుడు బట్టలన్నీ ఒక పక్కకి సర్ది ఉన్నాయి. రెండో పక్క ఖాళీ. చెయ్యి పెట్టాను.

వెచ్చగా ఉంది.

ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళిన పక్కలా... వెచ్చగా.

"పిన్నీ," దొమెనికా గుసగుసగా అంది. "ఈ చోటు నాకు ఉంచింది."

"లే అక్కణ్ణుంచి."

లేవలేదు. చేత్తో ఆ ఖాళీని నిమురుతోంది. రెక్క పుచ్చుకుని వంటింట్లోకి ఈడ్చుకెళ్ళాను. తిరిగొచ్చి పెట్టె మూస్తుంటే పిడికి కట్టిన చీటీ కనబడింది. మిలాన్‌లో ఎక్కేటప్పుడు తగిలించినది కాదు. కొత్తది. పేరు, దొమెనికాది. బరువు, నలభై ఆరు కిలోలు. మిలాన్ వెళ్ళేముందు ఆసుపత్రిలో పిల్లని తూచినప్పుడు నేను పక్కనే ఉన్నాను, సరిగ్గా అంతే. ఎక్కడికి అన్నచోట ఏమీ లేదు. తేదీ, మర్నాటిది.

మర్నాడు కుట్టుమిషను ముట్టలేదు, పిల్లని బడికి పంపలేదు. తెల్లారిందగ్గర్నుంచి చీకటిపడేదాకా దాని మణికట్టు పట్టుకుని కూర్చున్నాను. ఎవరూ రాలేదు. ఏమీ జరగలేదు. బట్టలు చర్చికి ఇచ్చేశాను. పెట్టెని పాత సామాన్లవాడు పట్టుకుపోయాడు. చీటీ మాత్రం కాల్చడానికి భయమేసింది. కాలిస్తే ఏమవుతుందో అని మిషను సొరుగులో పడేశాను.

ఎనిమిది నెలలైంది. దొమెనికా బాగానే ఉంది, కాస్త పొడుగైంది కూడా. నేనే సరిగ్గా నిద్రపోవడం లేదు.

ఇవాళ పొద్దున దారం కోసం సొరుగు తీశాను. చీటీ మీద బరువు నలభై ఎనిమిది కిలోలు. తేదీ, రేపటిది.