ఆపమని చెప్పేదాకా

ఊరి వెనక కోటలో వంటశాల మంచిది కాదని చెబుతారు. పైకప్పు ఎప్పుడో కూలిపోయింది. నాలుగు గోడలు, పొగచూరిన పొయ్యిలు, మధ్యలో పెద్ద రాతి తిరగలి — అంతే మిగిలాయి. పొద్దు గూకితే మేకలు కూడా ఆ గడప తొక్కవు.

శత్రువులు వచ్చిన రోజు అందరూ పారిపోయారట. తిరగలి తిప్పుతున్న పనిమనిషికి మాత్రం ఎవరూ చెప్పలేదట. ఇక ఆపవే అనే నాథుడు లేక... ఆమె ఇంకా తిప్పుతూనే ఉందట.

నేను చూడలేదు. వ్యాను నడిపే మా బావ చెప్పిందే చెబుతున్నా. మా బావ గోరంతను కొండంత చేసే మనిషి. ఈ కథ దగ్గర మాత్రం కొండను గోరంత చేయాలని చూస్తాడు. ఎందుకో మీకే తెలుస్తుంది.

ఆ రోజు కొత్తగా చేరిన గైడమ్మకు పరీక్ష. ముందు పల్లె బతుకు, తర్వాత పాత కోట — ఒకరోజు యాత్ర. మొదటిసారి ఒంటరిగా పన్నెండు మందిని తిప్పుతోంది. వాళ్లు బాగుందని రాస్తే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికే. యాత్రల కంపెనీ యజమాని మొహమాటం లేని మనిషి.

పాపం, ఆ పిల్ల బుర్రంతా వాడింది. కోట అంటే ఉత్త రాళ్లేనా అని ఎవరూ అనకూడదని, వాళ్ల అమ్మమ్మను తీసుకెళ్లి ఆ తిరగలి దగ్గరే కూర్చోబెట్టింది.

"జనం ఎప్పుడొస్తారో తెలీదు అమ్మమ్మా. నేను చాలు అనేదాకా ఆపకు!" అని చెవిలో అరిచింది.

"నాకు పని నేర్పుతున్నావా? ఫో."

ముసలమ్మకు చెముడు, దానికి రెట్టింపు మొండితనం.

తీరా పల్లెలో ఆలస్యమైంది. కుమ్మరి సారె దగ్గర ఒక లెక్కల మాస్టారు, కుండ చేస్తే గానీ కదలనని భీష్మించాడు. ఏడు కుండలు కూలాయి. ఎనిమిదోది... గిన్నె అయింది. దానికే మురిసిపోయాడు. వెలుగు తగ్గుతుంటే గైడమ్మ మా బావను పక్కకు పిలిచింది.

"అన్నా, ఇవాళ్టికి తిరగలి వద్దులే. చీకట్లో ముసలిది ఇబ్బంది పడుతుంది. వెళ్లి ఇంటి దగ్గర దింపెయ్."

"అలాగేనమ్మా."

ఇక్కడ మా బావ గొంతు సన్నబడుతుంది. వ్యానెక్కాడు, సీటు వాల్చాడు, ఒక్క నిమిషం కళ్లు మూశాడు... అంతే. లేచేసరికి అందరూ ఎక్కి, కోటకు పదమంటున్నారు. దింపావా అని గైడమ్మ అడిగితే తల ఊపాడు. నిద్రమత్తులో తల ఎటైనా ఊగుతుందంటాడు.

కోటకు చేరేసరికి చీకటి పడింది. గైడమ్మ టార్చి పట్టుకుని, గొంతు తగ్గించి, పనిమనిషి కథ చెప్పింది. "ఇప్పటికీ..." అంటూ వంటశాల గడప ముందు ఆగింది.

గర్ర్... గర్ర్...

అందరూ ఒకరికొకరు దగ్గరగా జరిగారు.

గర్ర్... గర్ర్...

"రికార్డింగేనా అమ్మా?" గుసగుసగా అడిగాడు మాస్టారు, గిన్నెను గుండెకు హత్తుకుని.

గైడమ్మ ఏ రికార్డింగూ పెట్టలేదు. అమ్మమ్మ ఇంట్లో ఉంది కదా! ఆ పిల్లకు నిజంగా భయమేసింది. కానీ పారిపోతే ఉద్యోగమూ పోతుంది. దేవుడా అనుకుని, కళ్లు గట్టిగా మూసుకుని... టార్చి ఎత్తింది.

వెనక పన్నెండు మందీ చప్పట్లు కొట్టారు.

కళ్లు తెరిస్తే — అమ్మమ్మ! తల నిండా పిండి.

"చాలా? ఇంకా తిప్పనా?" అని కసిరింది.

గైడమ్మకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడు వెనక నిలబడ్డ తనవైపు చూసిన చూపు మా బావకింకా గుర్తుంది.

తిరుగుదారిలో వ్యాను ముందు సీట్లో అమ్మమ్మ చేతులు నిమురుతూ గైడమ్మ అడిగింది. "ఇంతసేపా! లేచి రాకపోయావా అమ్మమ్మా?"

"లేద్దామనే అనుకున్నా. నా ఎదురుగా కూర్చున్న ఆ పిల్ల లేవనిస్తేనా! ఆపమని ఎవరూ చెప్పలేదు కదా అంటుంది. మంచి పనిమంతురాలే. చెయ్యే... మరీ చల్లన."

"ఏ పిల్ల?"

"నువ్వు పెట్టిన మనిషేగా? నీ మాట సగం వినపడదు గానీ, దాని మాట భలే వినిపించింది."

మా బావ బ్రేకు తొక్కాడు.

మర్నాడు యజమాని గైడమ్మను పిలిచి మెచ్చుకున్నాడు. పన్నెండు మందీ ఒకటే రాశారట — తిరగలి దగ్గర ఆ ఇద్దరాడవాళ్లూ అద్భుతమని. ఉద్యోగం ఖాయం. ఒక్కటే షరతు.

"ప్రతి వారం ఆ ఇద్దరూ ఉండాలి."