మార్పిడి గంట

“పిల్లతో మీ బంధసూచిక హద్దుకు దగ్గర పడింది. కుర్చీ కాస్త వెనక్కి జరపండి,” అంది చెవిలో నియోజకి, ఎవరు ఏ బల్ల దగ్గర కూర్చోవాలో చెప్పే యంత్రం.

సుగుణకుమారి జరపలేదు. పొద్దుటి షిఫ్టంతా ఉప్పునీటి శుద్ధి కర్మాగారంలో నిలబడి, మధ్యాహ్నం ఈ ప్రాథమిక పాఠశాలకు స్వచ్ఛందంగా వస్తుందామె. పిల్లల పక్కన కూర్చుని చదివించడం ఇష్టమే. ఈ గొంతుతోనే వేగలేకపోతోంది. నవ్వమంటుంది, నవ్వితే ఎక్కువైందంటుంది.

పక్కన రెండో తరగతి మస్తానమ్మ. వారమంతా నోరు విప్పని పిల్ల. ఇప్పుడు పలకతెర మీద వేలు పెట్టి, “న... నత్త...” అంది.

సుగుణ కదలకుండా కూర్చుంది. “ఊఁ, తర్వాత?”

“నత్త గోడ...”

మార్పిడి గంట మోగింది. ప్రతి శుక్రవారం మోగేదే. తోడుమనుషులంతా లేచి తర్వాతి బల్లకు మారాలి. ఏ పిల్లా ఏ పెద్దకూ అలవాటు పడకూడదు.

మస్తానమ్మ వేలు తీసేసింది. “నువ్వూ పోతుండావా అత్తా? ముందు అక్క కూడా ఇట్నే పోయింది.”

“దయచేసి లేవండి,” అంది నియోజకి.

“వాక్యం సగంలో ఉండాది. ఆగలేవా?”

“మిగతాది తర్వాతి తోడు చదివిస్తారు.”

“కొత్త మనిషి దగ్గర నోరు తెరిచేదానికి ఈ పిల్లకు ఇంకో వారం పడతాది. అప్పుడు మళ్లీ గంట కొడతావు. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?”

“మీ అభిప్రాయం నమోదైంది.”

“పోయిన నెలా అదే అన్నావు.”

ఈ బల్లకు రావలసిన లారీ డ్రైవరు ప్రభుదాసు వచ్చి నిలబడ్డాడు. “అక్కా, నన్ను ఈడ కూర్చోమంటుండాది.”

“నేను లేవను ప్రభుదాసూ.”

అతను వెనక్కి తిరిగి చూశాడు. తాను వదిలి వచ్చిన పిల్లవాడు ఇంకా ఇటే చూస్తున్నాడు. “అయితే నేనూ వాడి కాడికే పోతా,” అని వెళ్లి తన పాత కుర్చీలో కూర్చున్నాడు. ఆ కుర్చీ కోసం వస్తున్న ఆవిడ దారిలో ఆగి, విసుగ్గా తల ఊపి, తాను చదివిస్తున్న పిల్ల దగ్గరికే మళ్లింది. ఆవిడ వెనక వచ్చేవాళ్లూ అంతే.

నియోజకి ఒక్కొక్కరినీ పేరుతో పిలిచింది. ఎవరికీ ఖాళీ కుర్చీ చూపలేకపోయింది. చివరికి, “కేటాయింపు సాధ్యం కావడం లేదు,” అని గది అంతటికీ చెప్పి ఆగిపోయింది.

“లేవవా అయితే?” అడిగింది మస్తానమ్మ.

“లేవను. చదువు.”

“నత్త గోడ దూకింది.”

తెర మీద ఉన్నది ‘ఎక్కింది’ అని. “నత్త యాడన్నా దూకుతాదా మే? సరిగ్గా చూడు,” విసుక్కుంది సుగుణ.

మస్తానమ్మ తెర వంక చూడనేలేదు. “మా ఇంటికాడ నత్త దూకుతాది,” అంది మొండిగా.