ఇంకా ఆరలేదండీ!

"ఆదివారానికి మూడో కోటు వేసేస్తా మేడమ్. అప్పుడు చూడండి, గది పెళ్లికూతురులా ఉంటుంది!" అన్నాడు పెయింటర్ నిచ్చెన మీంచి.

మేడమెట్ల మీద కూర్చున్న బామ్మ చెవిని చేరేలోపు అందులో సగం మాటలు దారిలోనే రాలిపోయాయి. చేరినవి మూడే: ఆదివారం, కోటు, పెళ్లికూతురు. గోడలకి చెవులుంటాయంటారు. ఆ ఇంట్లో గోడలకే ఉన్నాయి, బామ్మకి లేవు.

బామ్మ వెంటనే వేరే ఊళ్ళో ఉన్న కొడుక్కి ఫోన్ కొట్టింది. "ఒరేయ్, నీ కూతురికి సంబంధం కాళ్ళొచ్చి నడిచొచ్చిందిరా. మనింటికి రంగులేస్తున్న అబ్బాయే. బుద్ధిమంతుడు. వచ్చే ఆదివారం కోటు వేసుకొచ్చి పిల్లనడుగుతాట్ట. మీరిద్దరూ రండి. దానికి మాత్రం చెప్పకు, సిగ్గుపడుతుంది."

సిగ్గుపడాల్సిన పిల్లకి అసలు సిగ్గుపడే టైమే లేదు. పెద్ద స్కూల్లో నలభైమంది టీచర్లకి ఆరేళ్ళు టైమ్‌టేబుల్ వేసిన అమ్మాయి. టైముకి టేబుల్ వేసింది గానీ ఎదురుగా ఇంకో కుర్చీ వెయ్యడం మర్చిపోయింది. ఇప్పుడా ఉద్యోగం మానేసి, మేడ కింది మూడు గదుల్లో సొంతంగా ప్లేస్కూల్ పెడుతోంది. సోమవారం పదింటికి ప్రారంభం. పద్దెనిమిది మంది పిల్లలు చేరారు. ఆ రోజుకి రంగు వాసన పోకపోతే పద్దెనిమిది మంది తల్లులూ గేటు దగ్గరే వెనక్కి తిరుగుతారు. ఆరేళ్ళ కల గోడకి కొట్టిన సున్నమే.

అందుకని పది రోజుల పనినీ అరగంట గళ్ళుగా కోసి పెద్ద చార్టు వేసి గోడకి అంటించింది.

"చార్టు తీస్తే గోడకి రంగేస్తా మేడమ్."

"చార్టు తీస్తే పనెలా నడుస్తుందండీ?"

"బాగా అడిగారు. గోడకి రంగెయ్యకపోతే చార్టు ఎందుకండీ?"

ఆమె కళ్ళెర్రజేసింది. అతను చార్టుని జాగ్రత్తగా ఊడదీసి, తన నిచ్చెనకే కట్టుకున్నాడు. "ఇప్పుడు నేనెక్కడుంటే మీ టైమక్కడుంటుంది" అన్నాడు. నవ్వు రాబోయింది గానీ ఆ గడిలో నవ్వుకి చోటు లేదు.

"సరే. కోటుకీ కోటుకీ మధ్య ఎంతసేపు ఆరాలి?" పెన్ను మూత తీసింది.

అతను పెన్ను వైపు చూశాడు. పెన్ను పట్టుకున్న వేళ్ళ వైపు చూశాడు. అక్కణ్ణించి పైకి చూశాడు. గొంతు సవరించుకుని, "నాలుగు గంటలు" అన్నాడు.

ఆమె రాసుకుంది: 'గోడ ఆరుట, పది నుంచి రెండు.'

ఆ నాలుగు గంటలూ వరండా మెట్ల మీదే. ఆమె పిల్లల గదికి రంగు కాగితాలతో చేపలు కత్తిరించేది. ఊరికే కూర్చోలేక అతనూ ఓ కత్తెర అందుకున్నాడు.

"ఏంటండీ, మీ చేపకి రెండు కళ్ళూ ఒక పక్కనే ఉన్నాయి?"

"మీ వైపు చూస్తోంది మేడమ్. దాని ఇష్టం. నేను తిప్పితే తిరగదు."

"చేప సంగతే చెప్తున్నారా?"

"ప్రస్తుతానికి చేప సంగతే."

మూడో రోజు జల్లు పడింది. మెట్ల మీద చోటు తగ్గి, ఇద్దరూ ఒక మెట్టు పైకీ ఒక జానెడు దగ్గరకీ జరిగారు. "చెమ్మగా ఉంటే ఇంకా నెమ్మదిగా ఆరుతుంది" అన్నాడతను, వానకి లోపల్లోపలే దండం పెట్టుకుంటూ.

రోజూ రెండవగానే ఆమె వాచీ చూసి, "టైమైంది" అనేది. అతను లోపలికెళ్ళి, వేలి కణుపుతో గోడని తట్టి, మొహం వేలాడేసుకుని వచ్చేవాడు. "ఇంకా ఆరలేదండీ. ఇంకో అయిదు నిమిషాలు."

అయిదో రోజుకి ఆమెకి మొదటిసారి ఒక గడియారం మీద కోపం వచ్చింది. రెండెందుకు అంత తొందరగా అవుతుంది?

ఎనిమిదో రోజు, శుక్రవారం. పిల్లల బ్రష్షులు పెట్టుకోడానికి పనికొస్తుందని ఖాళీ డబ్బా ఒకటి తీసుకుని కడుగుతూ, వెనక వైపు చదివింది. 'రెండో పూతకు ముందు రెండు గంటలు ఆరనివ్వండి.'

డబ్బా తెచ్చి అతని ముందు పెట్టింది. "ఇక్కడ రెండని ఉంది."

అతను డబ్బాని చూడలేదు. "ఉంటుందండీ. రెండే."

"అంటే రోజుకి రెండు గంటలు నా దగ్గర కొట్టేశారు!"

"మీ దగ్గర కాదండీ. నా నిద్రలోంచి తెచ్చుకున్నా. రోజూ ఆరింటికొచ్చి, పక్క గది గోడలు ఉప్పుకాగితంతో రుద్ది పెట్టుకుంటున్నా. మీరు ఎనిమిదికి గానీ కిందికి దిగరుగా. ఆదివారం వెయ్యాల్సిన మూడో కోటు ఇందాకే అయిపోయింది. పని రెండు రోజుల ముందుంది."

"ఆరింటికి తలుపెవరు తీశారు?"

మేడ మీద బామ్మ అవసరం లేని దగ్గొకటి దగ్గింది.

"బాగుందండీ! ఆరింటికే వచ్చి, ఆరలేదని కూర్చుని, నా గురించి ఆరాలు తీసిన ఆరిందా మీరు! నా చార్టులో ఎప్పుడూ అబద్ధం రాయలేదు. నాతో రాయించారు. నాతో కూర్చోవాలనుంటే నేరుగా అడగొచ్చుగా?"

"అడిగితే ఏ గడిలో రాసేవారండీ?"

ఆమె చూపు చార్టు గళ్ళన్నీ తిరిగొచ్చింది. గడి దొరకని మనిషికి కోపమే దిక్కు. "పనైపోయిందిగా. ఇక వెళ్ళండి."

అతను నిచ్చెనకి కట్టిన చార్టు విప్పి, మడత పడకుండా ఆమె చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

శనివారం గళ్ళన్నీ ఖాళీ. పొదుపు చేసిన టైము చేతినిండా ఉంది, ఏం చెయ్యాలో ఏ చార్టూ చెప్పడం లేదు. పదింటికి అలవాటుగా మెట్ల మీద కూర్చుంది. వరండా గోడకి అంటించిన అతని చేప రెండు కళ్ళూ ఒకే పక్కన పెట్టుకుని ఆమెనే చూసింది. రెండైంది. ఎవరూ "ఆరలేదండీ" అనలేదు.

ఆదివారం ఎనిమిదింటికి ఫోన్ తీసింది.

"మూడో గది ఆరలేదు" అంది, పలకరింపు కూడా లేకుండా.

"రెండు రోజులైంది కదండీ!"

"నేను చెప్తున్నా. ఆరలేదు. వచ్చి చూసుకోండి."

అటు పక్క బండి స్టార్ట్ అయిన చప్పుడు.

అతనికన్నా ముందు ఆటోలోంచి అమ్మా నాన్నా దిగారు. నాన్న ఎండలో ఉన్ని కోటు వేసుకుని, ఆవిరి కక్కుతున్న అన్నంగిన్నెలా ఉన్నాడు.

"నాన్నా! ఏంటీ కోటు?"

"అవతలి మనిషి కోట్లో వస్తుంటే నేను ఉత్త చొక్కాలో నిలబడనా?"

"ఎవరొస్తున్నారు?"

అమ్మ నాన్నని గిల్లింది. అంతలో బండి ఆగింది. రంగుల చొక్కాతో, చేతిలో బ్రష్షుతో పెయింటర్ దిగాడు. నాన్న అతని వెనక వెతికాడు.

"కోటేది బాబూ?"

"మూడు కోట్లూ వేసేశానండీ."

"మూడా! ఈ ఎండలోనా!" నాన్న బిత్తరపోయి వెనక్కి వెనక్కి నడిచి, తెరిచున్న మూడో గదిలో గోడకి చేరగిలబడ్డాడు.

"అయ్యో! అది ఇంకా ఆరలేదన్నావుగా పిల్లా, ఇందాక ఫోన్లో!" బామ్మ కేక పెట్టింది. ఆ ఒక్క మాటా బామ్మకి ఎలా వినపడిందో దేవుడికెరుక.

అందరూ కలిసి నాన్నని లాగి, వెనక్కి తిప్పి చూశారు. కోటు మీద చుక్క లేదు. పెయింటర్ వేలి కణుపుతో గోడని తట్టి, నవ్వు ఆపుకుంటూ ఆమె వైపు చూశాడు.

"మరి ఆరలేదన్నావేమ్మా?" అన్నాడు నాన్న.

ఆమె చెంపలకి ఎవరూ వెయ్యని రంగొకటి ఎక్కింది. "గోడ ఎప్పుడో ఆరింది నాన్నా. నాలుగు గంటలన్నది ఈయన అబద్ధం. ఆరలేదన్నది నా అబద్ధం. ఇద్దరిదీ చెల్లు."

ఇక దాచడానికేం లేదు. డబ్బా సంగతి ఆమె చెప్పింది. ఆరింటి తలుపు సంగతి అతను చెప్పాడు. గోడకి వేసేదాన్ని కూడా కోటే అంటారని అమ్మ బామ్మ చెవిలో రెండుసార్లు అరిచింది.

"అయితే ఆ రోజు పెళ్లికూతురని అననే లేదా నాయనా?" బామ్మ మొహం చిన్నబోయింది.

"అన్నానండీ బామ్మగారూ. గదిని అన్నా." ఆమె వైపు ఓరగా చూశాడు. "అప్పటికి గదినే."

అమ్మ నవ్వు దాచుకోడానికి కొంగు వెతుక్కుంది. ఆమె చార్టు తెచ్చి, ఆదివారం ఖాళీ గళ్ళ దగ్గర పెన్ను పెట్టింది. "ఎంతసేపుంటారు?"

"నాలుగు గంటలు."

"నిజంగానా?"

"ఈసారి డబ్బాతో పనిలేదండీ. నిజంగా నాలుగే."

నాన్న ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "మా అమ్మ మాట అబద్ధం కాకూడదు. పైగా నాకు ఉడికిపోతోంది" అంటూ ఒంటి మీది కోటు విప్పి, రంగుల చొక్కా మీద అతనికి తొడిగాడు. చేతులు జానెడు పొట్టి.

బామ్మ చప్పట్లు కొట్టింది. "చెప్పానా! ఆదివారం కోటు వేసుకుంటాడని!"